రైలెక్కని బొగ్గు

ప్రశ్న: మా అమ్మాయిని తమిళనాడులో వడలూరు ఇచ్చాం. పోయిన నెల చూడ్డానికి వెళ్తూ నైవేలి దగ్గర కొండల్లాంటి మట్టిదిబ్బలు చూశాను. గనివైపు నుంచి కాలువలో నీళ్ళు ధారగా పారుతున్నాయి. బొగ్గు గనిలో అన్ని నీళ్ళేమిటి? అక్కడ ఇంకో 1320 మెగావాట్ల ప్లాంటు కడతారని అల్లుడు అంటున్నాడు. దానికోసం ఊళ్ళు తవ్వే బదులు మన సింగరేణి బొగ్గు రైల్లో తెచ్చుకుంటే పోదా? వియ్యంకుడి గారి మూడెకరాలు ఆ పక్కనే ఉన్నాయి, అందుకే అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, నాయుడుపేట

జవాబు: ఆ గనిలో ఇరవై ఆరేళ్ళు పంపుల దగ్గరే ఉద్యోగం చేశానమ్మా. అందుకని ముందు నీళ్ళ సంగతే చెబుతాను.

అసలు అక్కడ బొగ్గు ఉందని తెలిసిందే నీళ్ళకోసం తవ్వితే. 1930లలో జంబులింగ ముదలియార్ అనే భూస్వామి తన పొలంలో బోరు వేయిస్తే నీళ్ళతో పాటు నల్లటి పొడి పైకొచ్చింది. అది లిగ్నైట్, అంటే తడి ఎక్కువగా, వేడి తక్కువగా ఉండే ఒక రకం బొగ్గు. ఆ లిగ్నైట్ పొర కింద ఇసుకలో నీళ్ళు బిగించినట్టు ఉంటాయి. చదరపు సెంటీమీటరుకి ఆరు నుంచి ఎనిమిది కిలోల ఒత్తిడి. పైన మట్టి బరువున్నంత కాలం ఫర్వాలేదు. ఆ మట్టి తీసేస్తే గని అడుగు ఉబ్బి పగులుతుంది. కాబట్టి తవ్వకానికి ముందు నుంచే చుట్టూ బోర్లు వేసి రాత్రింబవళ్ళు తోడాలి. దీపావళి రాత్రి కూడా మా షిఫ్టు ఆగేది కాదు. కరెంటు పోయిందంటే ముందు మా గుండెలు ఆగేవి. ఆ తోడిన నీళ్ళే మీరు చూసి ఉంటారు. ప్లాంట్లకీ టౌన్‌షిప్‌కీ కొంత పోను మిగతావి చెరువులకీ పొలాలకీ వెళ్తాయి. రైతుకి దక్కే మాట నిజమే. కానీ ఊరి కింద నీటిమట్టం తగ్గేదీ ఆ తోడకం వల్లనే. ఈ రెండో ముక్క మేం సందర్శకులకి చెప్పేవాళ్ళం కాదు.

ఇక సింగరేణి. తాజాగా తవ్విన లిగ్నైట్ ముక్క చేతిలో పట్టుకుంటే తడి తగులుతుంది, గోధుమరంగులో ఉంటుంది, కొన్నిటిలో చెక్క గీతలు కూడా కనిపిస్తాయి. బల్లమీద పెట్టి మర్నాడు చూస్తే నెర్రెలిచ్చి పొడి రాలుతుంది. సుమారు సగం బరువు నీళ్ళే. గుట్టపోస్తే తనంతట తానే రాజుకుంటుంది. అలాంటిదాన్ని రైలెక్కించి దూరం పంపడమంటే నీళ్ళకి చార్జీ కట్టడమే. అందుకే గని పక్కనే ప్లాంటు కడతారు. పైగా బాయిలర్‌ను ఈ తడి బొగ్గుకి సరిపడా పెద్దగా కట్టుకుంటారు, అందులో ఉన్నపళంగా సింగరేణి బొగ్గు పోయడం కుదరదు. నైవేలి గని నడిపే ఎన్ఎల్‌సీ కంపెనీకే తూత్తుకుడిలో మామూలు బొగ్గు ప్లాంటు ఉంది, దానికి బొగ్గు ఓడల్లో దిగుతుంది. అక్కడ మెగావాట్లు పెంచితే ఓడలు పెరుగుతాయి. నైవేలిలో పెంచితే గని ముందుకు జరుగుతుంది. జరగడమంటే పొలంలోకే.

2023 జూలైలో నైవేలి పక్కన వలయమాదేవి అనే ఊరి దగ్గర, గనికి అడ్డమొచ్చే పరవనారు అనే ఏటి మళ్ళింపు కాలువ కోసం నిలువు వరిలోకి యంత్రాలు దిగింది అందుకే. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కావేరి డెల్టావైపు గనులకోసం గుర్తించిన మూడు కొత్త బ్లాకులను, తమిళనాడు అంతా గోల పెట్టాక, కేంద్రం వేలం జాబితాలోంచి తీసేసింది. ఒకచోట ఆగింది, ఒకచోట ఆగలేదు. లిగ్నైట్‌లో బూడిద తక్కువ కనుక శుభ్రమైనదని ఎవరైనా అంటే సగమే నమ్మండి. వేడి తక్కువ కాబట్టి ఒక్కో యూనిట్‌కి కాల్చాల్సింది ఎక్కువ, పొగ లెక్క అక్కడే తేలిపోతుంది. నైవేలి కరెంటులో మన రెండు రాష్ట్రాలకీ వాటా ఉంది కనుక ‘వాళ్ళ గొడవ మనకెందుకు’ అనే వీలూ లేదు.

వియ్యంకుడి గారికి చెప్పండి: అల్లుడి మాట, టీకొట్టు మాట పక్కనపెట్టి, తాలూకా ఆఫీసులో సర్వే నంబరు సేకరణ నోటిఫికేషన్‌లో ఉందో లేదో చూసుకోమనండి. ఉంటే అభ్యంతరం గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వాలి, రసీదు దాచుకోవాలి. పరిహారం ఎకరానికి ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. బోరుకీ చెట్లకీ విడిగా లెక్క కట్టమనాలి. ఉద్యోగం అంటే పర్మనెంటా, కాంట్రాక్టా అని కాగితం మీద రాయించుకోవాలి. మా గేటు బయట ఆ తేడా తెలియక సంతకం పెట్టినవాళ్ళు ఉదయం షిఫ్టుకి రోజూ కనిపించేవారు, కాంట్రాక్టరు మేస్త్రీ పేరు పిలుస్తాడేమోనని నిలబడి.