డి డ్రైవ్‌లోని దస్తావేజులు సెర్చ్‌కు ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న: కర్నూలులో దస్తావేజులు రాస్తుంటాను. ఆరేళ్ల ఫైళ్లు విండోస్ 11 కంప్యూటర్‌లోని డి డ్రైవ్‌లో ఉన్నాయి. ఫైలు పేరు గుర్తుంటేనే దొరుకుతోంది. లోపలి ఊరి పేరో, సర్వే నంబరో కొడితే ఏమీ రావడం లేదు. వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా?

జవాబు: అవసరం లేదండి. విండోస్ తాను ముందుగా రాసిపెట్టుకున్న ఇండెక్స్‌లో, అంటే ఏ మాట ఏ ఫైలులో ఉందో చెప్పే పట్టికలో, చూసి జవాబు చెబుతుంది. మొదట ఉండే ‘క్లాసిక్’ పద్ధతిలో ఆ ఇండెక్స్‌లోకి డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ మాత్రమే చేరతాయి. డి డ్రైవ్ అందులో లేదు కనుకనే అక్కడ ఫైళ్ల పేర్లతో సరిపెడుతోంది. స్టార్ట్ మెనూలో ‘ఇండెక్సింగ్ ఆప్షన్స్’ తెరిచి, ‘మాడిఫై’ నొక్కి, దస్తావేజుల ఫోల్డరుకు టిక్కు పెట్టండి. ఆరేళ్ల ఫైళ్లు కాబట్టి మొదటిసారి గంటలు పట్టవచ్చు. ఆ రాత్రికి కంప్యూటర్‌ను ఆపకుండా వదిలేయడం మేలు.

అసలు చిక్కు మరొకటి ఉండవచ్చు. మన జిల్లాల్లో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైపు చేస్తారు. తెరమీద ‘ఓర్వకల్లు’ అని చక్కగా కనబడినా, ఫైలులో నిలిచేవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించడానికి కారణం ఇదే. యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతిలో, మీరు కొట్టిన ఊరి పేరు వాటితో ఎన్నటికీ కలవదు. ఇకమీదట యూనికోడ్‌లో టైపు చేయండి. పాతవాటిని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ, కక్షిదారుల ఆధార్ నంబర్లు, ఆస్తి వివరాలున్న దస్తావేజులను ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లలో పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. స్కాన్ చేసిన కాపీలు బొమ్మలే కాబట్టి వాటి లోపలి మాటలు మామూలుగా సెర్చ్‌కు అందవు.

ఈ రెండు రకాలకూ ఫైలు పేరే దిక్కు. ‘ఓర్వకల్లు 214-2 విక్రయం 2019’ అన్నట్టు ఊరు, సర్వే నంబరు, దస్తావేజు రకం, సంవత్సరం ఒకే వరుసలో పెట్టండి. విండోస్ ఫైలు పేరులో ఏటవాలు గీతను (/) ఒప్పుకోదు. అందుకే సర్వే నంబరు మధ్య అడ్డగీత వాడాలి, వెతికేటప్పుడూ అలాగే కొట్టాలి.