పర్యావరణం చదివితే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. పర్యావరణానికి పనికొచ్చే చదువే చదువుతానని పట్టుబడుతోంది. డబ్బంతా కొత్త టెక్నాలజీలోకి పోతుంటే ఈ చదువుకు గిరాకీ ఉంటుందా?

జవాబు: ఆ రెండింటినీ మీరు వేరు చేసి చూస్తున్నారు. మీ పక్కనే ఉన్న మల్కాపురం రిఫైనరీని తీసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 (వాహనాల పొగకు కేంద్రం పెట్టిన ప్రమాణం) ఇంధనం తప్పనిసరి అయింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దిగాలి. దేశంలోని రిఫైనరీలు అందుకోసమే కోట్లు ఖర్చుపెట్టాయి. ముందు నిబంధన వచ్చింది, డబ్బు దాని వెనకాల నడిచింది.

పెట్టుబడి వచ్చినంత మాత్రాన గాలి బాగుపడదు, అది వేరే సంగతి. పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది కదా. నీటిని కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే సుమారు 50 యూనిట్లు కావాలి. ఎండ, గాలి నుంచి వచ్చిన కరెంటయితే సరే. బొగ్గు కరెంటు వాడితే మాత్రం ఆ ఒక్క కిలో వెనక 40 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సహజవాయువు నుంచి తీసే పాత పద్ధతిలో అది 10 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే కోట్లు పోసి కొన్న కొత్త యంత్రం పాతదానికన్నా ఎక్కువ పొగ పెట్టగలదు! అందుకే హరిత హైడ్రోజన్ అనిపించుకోవాలంటే కిలోకు 2 కిలోలు మించకూడదని కేంద్రం 2023లో హద్దు గీసింది. ఆ లెక్క కట్టేవాళ్లూ, యంత్రాన్ని ఆ హద్దులోకి తెచ్చేవాళ్లూ కావాలి. మీ అమ్మాయికి చోటు అక్కడే ఉంది.

డిగ్రీ పేరులో పర్యావరణం లేకపోయినా పరవాలేదు. కెమికల్ ఇంజినీరింగ్ నా మొదటి మాట. మన విశాఖ ప్రాంతంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, కేంద్రం నడిపే పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ ఐఐపీఈలోనూ ఉంది. అది దొరక్కపోతే ఎలక్ట్రికల్. పర్యావరణ ఇంజినీరింగ్ ఎంటెక్‌లో చేయవచ్చు. బీటెక్‌లోనే ఆ ముద్ర వేయించుకుంటే ప్లాంటు ఉద్యోగాలకు దారి ఇరుకవుతుందని నా అభిప్రాయం.

సీటు ఎంచుకునే ముందు ఒక పని చేయించండి. పరిశ్రమల పర్యావరణ ప్రభావ నివేదికలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దొరుకుతాయి. మీ చుట్టుపక్కల పరిశ్రమది ఒకటి చదవమనండి. నీటి వాడకం, పొగగొట్టం లెక్కలున్న పేజీల దగ్గర ఆగి ప్రశ్నలు వేస్తే కెమికల్‌లో చేర్చండి. అవి దాటేసి మడఅడవులు, పక్షుల జాబితా దగ్గర ఆగిపోతే ఇంజినీరింగ్ కోసం బలవంతపెట్టకండి. బీఎస్సీ గురించి మాట్లాడుకుందాం.