పిల్లల జవాబుపత్రం ఎవరి సొత్తు?

ప్రశ్న: బి.ఇడి. పూర్తిచేసి ఈ జూన్‌లో ఉద్యోగంలో చేరబోతున్నాను. తరగతికి ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టి పాఠాలూ, పిల్లల రాతలూ అందులో పంచుకోవాలని ఉంది. నైతికంగా ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా?

ఉంది. అయితే అందరూ చెప్పే ఇబ్బంది, అంటే పిల్లలు ఫోనుకు అలవాటుపడి చెడిపోతారన్నది, నా లెక్కలో రెండో వరుసలోనే నిలబడుతుంది. 22 ఏళ్లుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెబుతున్నాను. బడిలో ఫోను వల్ల జరగగా నేను కళ్లారా చూసిన అతి పెద్ద తప్పు నేను చేసిందే.

2018లో ఒక రాత్రి ఇంటి దగ్గర ఎనిమిదో తరగతి ఎఫ్.ఎ. (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్లు దిద్దుతున్నాను. ‘పరోపకారం’ అనే మాటను సొంత వాక్యంలో ప్రయోగించమన్నది ప్రశ్న. చాలా పేపర్లలో ‘పరోపకారం మంచి గుణం’ అనే గైడు వాక్యమే ఉంది. ఒక పిల్లవాడు మాత్రం ఇలా రాశాడు: ‘మా నాయిన పరోపకారం చేసి జమానతు సంతకం పెట్టినందుకు మేము ట్రాక్టరు అమ్ముకున్నాము.’ పగలబడి నవ్వాను. ఆ వాక్యంలో మాటకు అర్థమూ ఉంది, వ్యాకరణమూ ఉంది, ఏ గైడులోనూ దొరకని లోకజ్ఞానమూ ఉంది కనుక రెండుకు రెండు మార్కులూ వేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ జవాబు రాయవలసిన పని ఉండేది కాదు. పేరు కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టి ఫొటో తీసి, ‘మా బడి వేమన’ అని కింద ఒక మాట తగిలించి, తెలుగు ఉపాధ్యాయుల గ్రూపులో పెట్టాను. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికే చోటు ఉండేది. మా గ్రూపు దాదాపు నిండి ఉండేది. నేను పడుకునేలోపే నవ్వు బొమ్మలు వరుసకట్టాయి. దాచడమెందుకు, చాలా సంతోషం వేసింది.

ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. పాకడానికి ఐదు చాలు. వారం తిరిగేసరికి ఆ ఫొటో ఫేస్‌బుక్ ఎక్కింది, పదో రోజుకు ఆ పిల్లవాడి ఊరి కుర్రాళ్ల గ్రూపులో దిగింది. పిల్లవాడి పేరు లేదు, బడి పేరు లేదు, కానీ ఆ ఊళ్లో జమానతు పడి ట్రాక్టరు అమ్ముకున్న ఇల్లు ఒక్కటే. అప్పు తీసుకుని ఎగ్గొట్టినాయన కూడా ఆ ఊరివాడే, పైగా వీళ్లకు దగ్గరి చుట్టం. టీ కొట్టు దగ్గర ఎవరో దాన్ని ఆయన ముందే పైకి చదివారట. ‘కొడుకుతోని రాపిచ్చి నా ఇజ్జత్ తీస్తున్నవా’ అంటూ ఆయన ఆ సాయంత్రమే వీళ్ల ఇంటి మీదికి పోయాడట.

మర్నాడు తండ్రి బడికి వచ్చాడు. ఆయనది బటన్ల ఫోను కావడంతో అంత గొడవకు కారణమైన ఫొటోను ఆయన అప్పటిదాకా చూడలేదు. చూపించమని నన్నే అడిగితే నా ఫోనులోనే తెరిచి చూపించాను. చాలాసేపు చూసి, ‘ఈ ఏలు మీదేనా సారూ’ అన్నాడు. అవునన్నాను. ‘పిలగాడు రాసింది అబద్ధం కాదు. కని వాడు మీకు రాసిండు సారూ, ఊరికి రాయలే’ అని ఫోను నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. గ్రూపులోంచి తీసేద్దామని చూస్తే, అందరి దగ్గరా తొలగించే గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఆ తర్వాత ఆ పిల్లవాడు నా పేపర్లలో గైడు వాక్యాలు తప్ప మరొకటి రాయలేదు. ‘కష్టం’ ఇస్తే ‘కష్టపడితే ఫలితం ఉంటుంది’, ‘స్నేహం’ ఇస్తే ‘స్నేహం గొప్పది’. తప్పుల్లేవు కనుక పూర్తి మార్కులు వేస్తూ వచ్చాను. పిల్లలు మాస్టారిని నమ్మి రాస్తేనే భాష బోధించడం కుదురుతుంది. ఆ నమ్మకాన్ని ఒక్క ఫొటోతో పోగొట్టుకున్నాను కాబట్టే, పిల్లల రాతలను పేజీలో పెడతానన్న మీ ఆలోచన దగ్గర నేను ఇంతగా ఆగిపోతున్నాను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మంచిదే. కానీ అడ్మిషన్ ఫారం చివర, ఏముందో చదవకుండా పెట్టిన సంతకాన్ని చూపించి ‘అనుమతి ఉంది’ అనే బడులను నేను చూశాను. నా మటుకు నాకు అది అనుమతి కిందికి రాదు. ఆ తండ్రినే ముందుగా అడిగి ఉంటే, సారు అడిగాడు కదా అని మొహమాటానికి సరే అనేవాడేమో. ఊళ్లో నగుబాటు మాత్రం పిల్లవాడికి తప్పేది కాదు.

ఫొటోల మాట వచ్చింది కనుక ఇంకొకటి కూడా చెప్పాలి. మొక్క నాటితే ఫొటో, గుడ్డు పెడితే ఫొటో, పిల్లలు వరుసలో కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తుంటే ఫొటో పంపమంటారు పై అధికారులు. మనం ఇంట్లో నోట్లో ముద్ద పెట్టుకుంటుండగా ఎవరైనా ఫొటో తీసి పదిమందికీ పంపితే ఊరుకుంటామా?

గ్రూపుల సంగతి మరొకటి. కరోనా వల్ల బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు మేమూ తరగతికొక వాట్సాప్ గ్రూపు పెట్టాం. మామూలు గ్రూపులో చేరిన ప్రతివారి నంబరూ మిగిలిన అందరికీ కనిపిస్తుందని తెలిసి కూడా, ఆ హడావుడిలో మాలో ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి వాడుతున్న తల్లి ఫోనుకు, అదే తరగతిలోని ఒక అబ్బాయి అన్న రాత్రిళ్లు సందేశాలు పెట్టడం మొదలుపెట్టాడు. చివరికి నంబరు మార్చుకోవలసి వచ్చింది ఆ తల్లే.

కాబట్టి గ్రూపు పెట్టదలచుకుంటే సందేశాలు అడ్మిన్లే పెట్టేలా చూసుకుని, తల్లిదండ్రుల నంబర్లను కూడా వారిని అడిగాకే చేర్చండి. అందులో మీ గొంతు, మీ బోర్డు, మీ పాఠం ఎంతైనా పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు 13 ఏళ్లు నిండాలని ఆ సంస్థే అంటోంది, ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామందికి అంత వయసుండదు. వారిని అందులోకి పిలవడం ఆ నియమాన్ని దాటమని మాస్టారే నేర్పడమవుతుంది. ఇక పిల్లల రాతలకు తరగతి గోడ ఉంది. అక్కడ అంటిస్తే మిగతా పిల్లలు చదువుతారు, వద్దనుకున్న రోజున రాసినవాడే పీకేసుకోగలడు.

ఈ జవాబు రాసేముందు ఆ అబ్బాయికి ఫోను చేశాను. ఇప్పుడు వాడు డిగ్రీ పూర్తిచేసి హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. జరిగింది రాయవచ్చా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రాయండి సార్, కానీ మేం అమ్మింది ఏమిటన్నది మాత్రం మార్చి రాయండి’ అన్నాడు. మార్చాను. వాళ్లు అమ్ముకున్నది ట్రాక్టరు కాదు.