కలకత్తా ట్రాము మన పాలమూరు పాత రైలు లాగా మీటరుగేజి మీదే నడిచేదా?

మొదట్లో అవును. 1873లో సియాల్దా నుంచి అర్మేనియన్ ఘాట్ దాకా గుర్రపు ట్రాము పెట్టారు. జనం సరిగ్గా ఎక్కక ఆ ఏడే ఆగిపోయింది. 1880లో మళ్లీ వేసింది మీటరుగేజే, అంటే మన జడ్చర్ల మీదుగా పోయిన పాత రైలు పట్టాల వెడల్పే. తర్వాత మన లైను 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి అయింది. అక్కడేమో 1902లో కరెంటు ట్రాము వచ్చాక 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి మార్చారు.

అసలు తేడా వెడల్పులో కాదు, పట్టాలోనే ఉంది. రైలు పట్టా కంకర మీద పైకి లేచి ఉంటుంది. ట్రాము పట్టా గాడితో రోడ్డుకు సమంగా ఉంటుంది, దాని మీదుగా ఆటో, సైకిలు కూడా పోవచ్చు.

బండి సంగతి: చాలాకాలం రెండు పెట్టెలు జతగా నడిచాయి. ముందుది ఫ్యాన్లున్న ఫస్ట్ క్లాసు, వెనకది సెకండ్. పైన పొడవాటి ట్రాలీ కడ్డీ తీగను తాకుతూ 550 వోల్టుల డీసీ కరెంటు అందుకుంటుంది. చాలా బండ్లకు డ్రైవరు చోటు ఒక చివరే ఉంటుంది కాబట్టి ఆఖరి స్టాపులో గుండ్రంగా తిరిగి రావాలి. పొగలేని ఇంత మంచి బండి పట్టాలను చాలాచోట్ల తారు కింద పూడ్చేయడం నాకు నిజంగా బాధ.