మార్టిన్ వెళ్తున్న యువ రచయిత్రికి

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. వియన్నాలో చదువుకుంటూ ఈ సెలవుల్లో స్లొవేకియా చూసొస్తానన్నావు. సంతోషం. మీ ఊరి మాటల్లో రాసిన కథని ఒక పత్రిక తిప్పి పంపిందనీ, ఏ తెలుగులో రాస్తే నాలుగు కాలాలు నిలుస్తుందో తేలక టెన్షన్‌గా ఉందనీ కూడా రాశావు. ఈ రెండింటికీ నా జవాబు ఒక్కటే. స్లొవేకియాలోని మార్టిన్ అనే ఊరికి వెళ్ళు.

బ్రాటిస్లావాలో రైలెక్కితే ఝిలినా దాటాక వ్రూట్కీ వస్తుంది. మార్టిన్ దాని పక్కనే. స్లొవాక్ భాషా సంస్కృతుల కోసం పుట్టిన మాతిత్సా స్లొవెన్స్కా అనే సంస్థ కట్టుకున్న తొలి భవనంలో అక్కడ సాహిత్య మ్యూజియం ఉంది. 1863లో ఆ సంస్థ పుట్టేనాటికి స్లొవాక్‌లు హంగేరీ ఏలుబడిలో ఉన్నారు. దాని అధ్యక్షుడు ఒక క్యాథలిక్ బిషప్, ఉపాధ్యక్షుడు ప్రొటెస్టెంట్లలో లూథర్ శాఖకి చెందిన ఒక లూథరన్ పాస్టర్. చందాలు పోగుచేసి భవనం కట్టుకున్నారు. 1875లో ప్రభుత్వం సంస్థని మూయించి ఆస్తి లాక్కుంది. మళ్ళీ ప్రాణం పోసుకున్నది 1919లోనే. అది తెలిసి ఆ మెట్లెక్కు.

లోపల రచయితల బొమ్మల దగ్గరే ఆగిపోకు. పాత పుస్తకాల ముఖపత్రం అడుగున ఊరు, అచ్చువేసినవాడి పేరు, సంవత్సరం ఉంటాయి, వాటిని చదువు. కథ రాసేవాళ్ళం మనం అచ్చు గురించి తక్కువ ఆలోచిస్తాం. ఎవరు అచ్చు వేశారు, ఎవరు డబ్బు పెట్టారు, ఎవరు ఆపారు అన్నది తెలియకపోతే సాహిత్య చరిత్ర సగమే తెలిసినట్టు. 1581లో బార్దెయోవ్ అనే ఊళ్ళో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరాల మతబోధ పుస్తకం స్లొవాక్ వాసన తగిలిన చెక్ భాషలో అచ్చయింది. 1636లో లెవొచాలో త్రనోవ్‌స్కీ కూర్చిన కీర్తనల పుస్తకం వచ్చింది. 400కు పైగా కీర్తనలున్న ఆ పుస్తకం తరతరాలుగా లూథరన్ ఇళ్ళలో బైబిల్ పక్కన ఉంది. అదీ చెక్ భాషే. దేవుడి ముందు పాడే భాష ఒకటి, పొలంలో మాట్లాడే భాష ఇంకొకటి.

అన్నట్టు, మన అచ్చు కూడా అలాంటి చోటే మొదలైంది. బెంజమిన్ షుల్జ్ తెలుగులో రాసిన మతబోధ పుస్తకం 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయింది. స్లొవాక్ నేల మీద పుట్టిన మహాపండితుడు మతేయ్ బెల్ అంతకు నలభై ఏళ్ళ ముందు చదువుకున్నది ఆ హాలేలోనే.

ఇక నీ బెంగ దగ్గరికి వస్తాను. 1787లో పాతికేళ్ళు నిండని అంతోన్ బెర్నొలాక్ పశ్చిమ స్లొవాక్ ప్రాంతపు పలుకుబడి ఆధారంగా ఒక రాతభాషని ప్రతిపాదించాడు. క్యాథలిక్‌లు దాన్ని తీసుకున్నారు, లూథరన్‌లు తమ చెక్ వదల్లేదు. ఆ బెర్నొలాక్ భాషకి దొరికిన గొప్ప కవి యాన్ హొల్లీ. మదునిత్సే అనే పల్లెలో మతగురువు. ఊరి పక్క తోపులో ఓక్ చెట్టు కింద కూర్చుని రాసుకునేవాడు. లాటిన్ కవి వర్జిల్ కావ్యాన్ని అనువదించాడు. 1833లో స్వాతొప్లుక్ రాజు కథని కావ్యంగా రాశాడు. గురులఘువుల లెక్కతో నడిచే గ్రీకు, లాటిన్ ఛందస్సుని, సాహిత్యానికి పనికిరాదని అందరూ అనుకున్న పల్లెభాషలో నడిపించాడు. పద్యం ఎరిగిన ఇంట పుట్టినదానివి, అది ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. 1841, 42లలో అతని రచనలన్నీ నాలుగు సంపుటాలుగా బుడాలో, అంటే ఇప్పటి బుడాపెస్ట్‌లో, వచ్చాయి. వేయించింది మార్టిన్ హముల్యాక్ అనే ప్రభుత్వోద్యోగీ, ఆయన నడిపిన సాహిత్య సంఘమూ.

మరుసటి ఏడాది, 1843లో మదునిత్సేలో మంటలు లేచి హొల్లీ ఇల్లు కాలిపోయింది. గాయాలతో బయటపడి దొబ్రా వొదా అనే ఊళ్ళో స్నేహితుడి పంచన చేరాడు. అప్పటికి 58 ఏళ్ళు. ఆ జులైలోనే హల్బొకే అనే ఊళ్ళో, హుర్బాన్ అనే పాస్టర్ ఇంట్లో ముగ్గురు యువ రచయితలు కూర్చున్నారు. ల్యుదొవీత్ ష్టూర్‌కి 27, హుర్బాన్‌కి 26, హోజాకి 31. ముగ్గురూ లూథరన్‌లే. బెర్నొలాక్ భాష వద్దు, చెక్ వద్దు, మధ్య స్లొవాక్ ప్రాంతపు మాటల మీద కొత్త రాతభాష కడదామని నిర్ణయించుకున్నారు. అది గెలిస్తే హొల్లీ రాసినదంతా పాతభాష అయిపోతుంది.

అక్కడినుంచి ఆ ముగ్గురూ నేరుగా దొబ్రా వొదాకి, హొల్లీ దగ్గరికే వెళ్ళారు. ఆయన వాళ్ళని దీవించాడు.

ఈ ఘట్టం తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయి. నా వయసులో ఉన్నవాడికి హొల్లీ వైపు నుంచే అది కనిపిస్తుంది. ఇల్లు పోయి, ఒళ్ళు కాలి, కంటిచూపు మందగించి ఉన్న కవి దగ్గరికి వేరే శాఖకి చెందిన కుర్రాళ్ళు వచ్చి, మీ భాషని దాటి వెళ్ళిపోతున్నాం అని చెప్పారు. ఆయన నొచ్చుకోలేదు. ఆ కుర్రాళ్ళలోనూ నాకు నచ్చేది ఒకటుంది. చాటుగా వెళ్ళిపోలేదు, పెద్దాయన ఎదుటికి వెళ్ళి చెప్పారు. నువ్వూ అలాగే చెయ్యి. ఆ కథ తిప్పి పంపిన సంపాదకుణ్ణి కలిసి, మీ ఊరి మాటలు ఎందుకు కావాలో చెప్పు. ఒప్పుకోకపోతే వేరే పత్రికకి పంపు. కథలో ఒక్క మాట మార్చకు.

అందరూ హొల్లీలు కారనీ తెలుసుకో. ష్టూర్ ఎంతగానో గౌరవించిన కవి యాన్ కొల్లార్ చెక్ పక్షాన నిలబడి, 1846లో ఈ కొత్త భాషకి వ్యతిరేకంగా పలువురి అభిప్రాయాలు కూర్చి పుస్తకం వేశాడు. కొల్లార్‌ని నేను దుర్మార్గుడనను. చిన్న జాతి, చెక్‌లతో విడిపోతే మునిగిపోతుందని భయపడ్డాడు. అది అర్థమయ్యే భయమే. కానీ అప్పటికే పని జరిగిపోతోంది. 1845 ఆగస్టు 1న బ్రాటిస్లావాలో ష్టూర్ కొత్త భాషలో వార్తాపత్రిక మొదలుపెట్టాడు. సర్కారు అనుమతి కోసం కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకున్న పత్రిక. వ్యాకరణం అచ్చయింది ఆ తర్వాత, 1846లో. ఆ వరుస గమనించు. ముందు జనం చదివే కాగితం వచ్చింది, సూత్రాలు వెనక వచ్చాయి. నీ భాష నిలుస్తుందో లేదో ముందే తేల్చుకుని కలం పట్టాలంటే కుదరదు.

ఇంతా చేస్తే ష్టూర్ కట్టిన రూపమూ అలాగే మిగల్లేదు. పలికినట్టే రాయాలన్నాడు, కొన్ని అక్షరాలు తీసేశాడు. 1851లో బెర్నొలాక్ పక్షంవాళ్ళూ ష్టూర్ పక్షంవాళ్ళూ బ్రాటిస్లావాలో కూర్చుని, హత్తలా అనే పండితుడి సవరణలకి ఒప్పుకున్నారు. తీసేసిన అక్షరాలు కొన్ని తిరిగొచ్చాయి. 1852లో వచ్చిన ఆ వ్యాకరణం ముందుమాట కింద సంతకాలు చేసినవాళ్ళలో ష్టూర్ కూడా ఉన్నాడు. ఈనాటి స్లొవాక్ రాతకి పునాది ఆ సవరించిన రూపమే. హొల్లీ పద్యాలు మాత్రం బెర్నొలాక్ భాషలోనే ఉన్నాయి, వాటిని బళ్ళో పిల్లలకి ఇప్పటికీ చెబుతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ట్రనావాలో దిగు. ఓలాహ్ సెమినరీ అనే పాత కట్టడంలో పుస్తక సంస్కృతి మ్యూజియం ఉంది. ఆ ఊళ్ళో అచ్చుపని 1570ల్లోనే మొదలైంది. మార్టిన్‌లో మాత్రం 1846 వ్యాకరణం, 1852 వ్యాకరణం రెండూ చూపించమని అడుగు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏ అక్షరాలు తిరిగొచ్చాయో నీ కళ్ళతో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు