ప్రైమరీ పిల్లలకు తుఫానుల గురించి చెబితే భయపడరా?

భయపడతారు, కాసేపు. చెప్పకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. మాది భీమిలి వైపు ఊరు. పొద్దుటి నుంచి తలుపుకి బల్ల అడ్డం పెట్టి గోడవారగా కూర్చున్నాం. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. వీధిలో జనం ఒక్కొక్కరే బయటికొచ్చారు. మా బళ్ళో మూడో తరగతి పిల్లాడు కూలిన చెట్ల కింద కొబ్బరి బొండాలు ఏరుతున్నాడు. నన్ను చూసి, "తుఫాను ఎల్లిపోనాది మాస్టారూ" అన్నాడు సంబరంగా.

వెళ్ళలేదు. అది తుఫాను కన్ను, అంటే తిరిగే గాలుల నట్టనడుమ గాలి నిలిచిపోయే చోటు. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. వాడికి తుఫాను పాఠం చెప్పింది నేనే, ఈ ఒక్క ముక్కా చెప్పలేదు. రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. గాలి మళ్ళీ అందుకుంది. ఎదురింటి రేకు ఒకటి ఎగిరొచ్చి అదే సందులో పడింది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఒక పిల్లను నేల మీద కూర్చోబెట్టి "నువ్వు ఇల్లు" అంటాను. మిగతావాళ్ళు చేతులు పట్టుకుని పెద్ద గుండ్రంగా, గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతారు. మన దగ్గర తుఫాను తిరిగేదీ అటే. తిరుగుతూనే ఆ గుండ్రం మొత్తం ఇంటి మీదుగా జరగాలి. ముందు వరస ఒక వైపుకి పరిగెడుతూ దాటుతుంది, తర్వాత ఖాళీ, ఆ వెనక వరస రెండో వైపుకి పరిగెడుతూ వస్తుంది. "ఇప్పుడు తలుపు తీయొచ్చా?" అని ఖాళీలో అడుగుతాను. రెండోసారి ఆడేసరికి అందరూ "వద్దు" అని అరుస్తారు.

మన పుస్తకాల మీద నాకున్న కోపం ఇదే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19 అని తేదీ బట్టీ పట్టించి మార్కులు వేస్తాం. నీళ్ళు మీదికొస్తే ఎక్కడికి ఎక్కాలో, ఊళ్ళో తుఫాను షెల్టరు ఎటుందో అడగం. మాక్ డ్రిల్ అంటారా, ఫొటో దిగగానే అయిపోతుంది. ఇక ఫోన్ నంబరు. అమ్మ నంబరు నోటికి చెప్పగలిగే పిల్లలు మా క్లాసులో సగం మంది కూడా లేరు. నేను రోజూ హాజరుకి బదులు నంబరు చెప్పమంటున్నాను.

భయం సంగతి అడిగారు కదా. ఈ ఆట మొదటిసారి ఆడినప్పుడు ఒకటో తరగతి పిల్ల ఒకతి ఏడ్చింది. మర్నాడు తనే వచ్చి నేల మీద కూర్చుని, "ఈరోజు ఇల్లు నేనే మాస్టారూ" అంది.