కొట్టేసిన ఆదివారాలు

మల్కాజిగిరి నుంచి ఒక తల్లి రాశారు: ‘బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏ రోజు ఏముందో వాడికి పట్టదు. నేర్పుదామని హాల్లో పెద్ద వైట్‌బోర్డ్ ప్లానర్ పెట్టాను. నెల తిరక్కుండానే దాని వైపు చూడటం మానేశాడు. మా అత్తగారేమో తెలుగు క్యాలెండర్ చాలదా అంటారు. ఏది మంచిది? ఫోన్‌లో యాప్ పెట్టమంటారా?’

అమ్మా, యాప్ వద్దు. అత్తగారి క్యాలెండర్ చాలు. మీరడిగినదానికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

నాకు కలుక్కుమన్నది మీరు మధ్యలో రాసేసి ముందుకెళ్లిపోయిన మాట. ‘వాళ్ల నాన్న నుమాయిష్‌కి, అదే నాంపల్లి ఎగ్జిబిషన్‌కి, తీసుకెళ్తానని నాలుగు ఆదివారాలు అన్నారు, పని పడింది. గొడవ చేస్తాడని ప్రతిసారీ నేనే చెరిపి పై వారానికి రాశాను.’ మీ వాడికి క్యాలెండర్ రాకపోవడమేం లేదు, బాగా వచ్చింది. ఆ బోర్డు మీద రాసినది జరగదని నాలుగు వారాల్లో నేర్చుకున్నాడు. ఇక దాన్ని చూడమంటే ఎందుకు చూస్తాడు?

ముందు క్యాలెండర్ సంగతి. కింది అంచు నేలకి మూడడుగుల ఎత్తులో ఉండేలా దించి కట్టండి. పక్కనే దారానికి బాల్‌పెన్ వేలాడదీయండి, పెన్సిల్ వద్దు. గడిచిన రోజుని రాత్రి పడుకోబోయే ముందు వాడే కొట్టేయాలి. పొద్దున్నే కొట్టిస్తే ఇంకా గడవని రోజు అయిపోయినట్టు కనపడి ‘ఈరోజు’ ఎక్కడుందో తికమకపడతాడు. రోజులు లెక్కపెట్టడంలో పిల్లలందరూ చేసే తప్పొకటుంది. సోమవారం నాడు శనివారానికి ఎన్ని రోజులంటే ఆరంటారు, ఈరోజునీ కలిపేస్తారు కాబట్టి. వేలు ఈరోజు మీద పెట్టించి గెంతులు లెక్కపెట్టమనండి, ఐదొస్తుంది. ఆదివారాల వరుస చదివించండి: 4, 11, 18, 25. ఏడేసి కూడటం అక్కడే పట్టుబడుతుంది. మొన్న, ఎల్లుండి తారుమారు చేస్తుంటే సరిదిద్దుతూ కూర్చోకండి, ఆ గడి మీద వేలు పెట్టి చూపించమంటే చాలు. వారానికి మూడు సంగతులకి మించి రాయొద్దు. ట్యూషన్, టెస్టు, పాలవాడి లెక్క అన్నీ కుక్కితే ఏదీ చదవడు.

తిథులు అత్తగారికి వదిలేయండి. ఆ పని ఆవిడే బాగా చేస్తారు. అమావాస్య తర్వాతి పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా పదిహేను తిథులూ సాయంత్రాలు డాబా మీదకి తీసుకెళ్లి చంద్రుణ్ణి చూపిస్తూ చెప్పమనండి. చాంద్రమానంలో ఏడాదికి దాదాపు 354 రోజులే. ఆ పదకొండు రోజుల లోటు పూడ్చడానికి రెండున్నరేళ్లు దాటాక ఒక అధికమాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. ఉగాది మార్చికీ ఏప్రిల్‌కీ మధ్య తిరిగేది అందుకే. సంక్రాంతిది సూర్యుడి లెక్క, అందుకే జనవరి 14, 15 దాటదు. రంజాన్ లెక్కలో అధికమాసం లేదు. అందుకే హలీం బట్టీలు ఏటేటా దాదాపు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంటాయి. హైదరాబాద్‌లో పెరిగే పిల్లాడికి ఈ మూడు లెక్కలూ వీధిలోనే కనపడతాయి.

చూశారా, పండగ తేదీ మారితే ఎందుకు మారిందో నానమ్మ చెప్పగలరు. నాన్న తేదీ నాలుగుసార్లు మారితే ఎవరూ చెప్పలేదు. పైగా డస్టర్‌తో ఆనవాలు కూడా లేకుండా తుడిచేశారు.

పని పడటం తప్పు కాదు. ఉద్యోగమన్నాక ఆదివారాలూ పోతాయి. కానీ మాట ఇచ్చింది ఆయన, తప్పిందని చెప్పాల్సిందీ ఆయనే. ‘నాన్నకి పనిలే’ అని మీరు సర్దిచెప్పడం ఆయనకి సాయం అనుకుంటున్నారు. కొడుకు కళ్లలోకి చూసి చెప్పే అవసరం ఆయనకి రాకుండా చేస్తున్నారంతే. మీరు ఆ ఇంటి ఇల్లాలు, ఆయన వాయిదాలు రాసే గుమాస్తా కాదు. అత్తగారి ముందు కాదు, బాబు ముందు అసలే కాదు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: ‘ఇకమీదట వాడికి తేదీ ఇస్తే మీ చేత్తోనే రాయండి. తప్పితే మీరే కొట్టేసి, వాడికి మీరే చెప్పండి.’

కొట్టేయడమంటే ఒక్క అడ్డగీత. కింద పాత మాట కనపడాలి, పక్కన కొత్త తేదీ. కొత్త తేదీ ఇవ్వలేకపోతే ఖాళీగా వదిలేయమనండి, ‘చూద్దాం’ అని మాత్రం రాయొద్దు. ఆ మాట పిల్లాడికి ‘సరే’ అని వినిపిస్తుంది.

మొదలే నుమాయిష్ పెట్టుకోవద్దు. మూడు రోజుల్లో అయ్యేది, ఆఫీసు అడ్డురానిది రాయించండి. పొద్దున్న ఆరున్నరకి పాలబూత్ దాకా ఇద్దరూ నడిచి వెళ్లడం, అరగంట సైకిల్. అలాంటివి మూడు వరసగా జరిగాకే ఒక ఆదివారం. నుమాయిష్ మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది, మహా అయితే ఏడు ఆదివారాలు. అవి దాటిపోతే వచ్చే జనవరి ఆశ పెట్టకండి. ఎనిమిదేళ్ల వాడికి ఏడాది చాలా దూరం. జూపార్కుకి ఆ గొడవ లేదు.

వైట్‌బోర్డ్ పారేయక్కర్లేదు, వంటింట్లోకి మార్చండి. కందిపప్పు, నూనె, గ్యాస్ బుక్ చేయాలి, ఇలా చెరిపేవన్నీ దాని మీద రాసుకోండి.